పసుపు గుడ్డ విసిరిన శుక్రవారం

ఇప్పుడు చెబితే మా ఆవిడే నమ్మదు గానీ, ఆ రోజుల్లో నేను కళ్లుండీ చూడనివాడిగా మంచి పేరు తెచ్చుకున్నాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. కడప పక్క నుంచి కువైట్ వచ్చి, మిష్రిఫ్‌లో ఒక పెద్దింట్లో డ్రైవరుగా కుదిరాను. బండి నడపడం ఊళ్లోనే నేర్చుకున్నాను, అసలు ఉద్యోగం మాత్రం వంటింట్లో నేర్చుకున్నాను. ఆ ఇంట్లో పదేళ్లుగా వండుతున్న రాయచోటి అక్క మొదటి రోజే టీ గ్లాసు చేతికిచ్చి పాఠం చెప్పింది. "అబ్బీ, ఈడ నీ కండ్లు రోడ్డు చూసేదానికే. ఇంట్లో ఏం జరిగినా, ఎవురడిగినా, మాఫీ మాలూమ్ అని గమ్మునుండు." నాకు తెలియదు అనడానికి ఇక్కడ పనివాళ్లంతా వాడే మాట అది. నేను నేర్చిన మొదటి అరబ్బీ ముక్క అదే. (చాలాకాలం ఆఖరిదీ అదే.)

ఆ ఒక్క ముక్కతో హాయిగా నెట్టుకొచ్చాను. కారుకి గీత ఎవరు పెట్టారు, ఫ్రిజ్‌లో కేకు ఏమైంది, అన్నిటికీ ఒకటే జవాబు. (కేకు సంగతి నాకు బాగా తెలుసు.) ఇంటాయన్ని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ, కొడుకుని చిన్నబాబా అనీ పిలిచేవాళ్లం. చిన్నబాబా అమెరికాలో చదువుకుని వస్తూ అక్కడి ఫుట్‌బాల్‌ని వెంటబెట్టుకొచ్చాడు. పేరుకి ఫుట్‌బాలే గానీ కాలితో తన్నేది తక్కువ. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, మిగతా అందరూ ఒకరినొకరు గుద్దుకుంటారు. ఒకరోజు చిన్నబాబా ఆ గుడ్డుని హాల్లో గోడకేసి విసిరితే, మామా వాళ్లమ్మ ఇచ్చిన గాజు దీపం ముక్కలైపోయింది. సరుకుల సంచులతో గుమ్మంలో నిలబడ్డ నేను అంతా చూశాను. నేరం మాత్రం హాల్లో దుమ్ము తుడుస్తున్న గోదావరి అమ్మాయి మీద పడింది. మామా అందర్నీ పిలిచి అడిగింది. చిన్నబాబా నేల చూశాడు. నేను మాఫీ మాలూమ్ అన్నాను. మర్నాడు ఆ అమ్మాయిని ఏజెంటు ఆఫీసుకి తిప్పి పంపేశారు. దించి వచ్చింది నేనే. దారంతా ఆమె నన్నొక్క మాటైనా అడగలేదు.

శుక్రవారాలు చిన్నబాబాని అహ్మది వైపు మైదానానికి తీసుకెళ్లేవాణ్ని. అక్కడ ఆట నడిపించే పెద్దాయన ఒక అమెరికన్ మాస్టారు, మేం తెల్లగడ్డం అనుకునేవాళ్లం. ఒకసారి ఎవడో ఎవడి చొక్కానో పట్టి లాగాడని గొడవైతే, గీత బయట నీళ్ల డబ్బాతో నిలబడ్డ నేను పొరపాటున లాగినవాడి నంబరు చెప్పేశాను. తెల్లగడ్డం నన్ను ఎగాదిగా చూశాడు. అందరూ బంతి చూస్తుంటే నువ్వు అటెందుకు చూస్తున్నావన్నాడు. విందుకి తీసుకెళ్తే అందరూ వంటకాలు చూస్తారనీ, డ్రైవరు మాత్రం వెనక ఎవడు బండి అడ్డం పెట్టాడో చూస్తాడనీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆ పై వారమే నన్ను రిఫరీల్లో కలుపుకుని చారల చొక్కా, ఈల, మూలన చిన్న బరువు కుట్టిన పసుపు గుడ్డ ఇచ్చారు. ఆ చొక్కా ఫోటో పంపితే మా చెల్లెలు కంగారుగా ఫోన్ చేసింది, జైల్లో ఎందుకేశారని.

తెల్లగడ్డం నేర్పింది కొంచెమే. బంతి నీది కాదు, నీకప్పగించిన మనుషుల చేతులు చూడు. ఎదుటివాణ్ని తోయొచ్చు, పట్టుకోకూడదు. తప్పు చూస్తే గుడ్డ వెయ్యి, వెంటనే వెయ్యి. వేశాక ఎవరి మొహమూ చూడకు. మూడున్నరేళ్ల తర్వాత నా కళ్లకి పని దొరికినట్టయింది. మైదానంలో ఉన్నంతసేపూ నేను ఎవరి డ్రైవర్నీ కాదు. ఆ రెండు గంటల కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ని.

ఫైనల్ రోజున బాబా, మామా కూడా వచ్చి నీడలో కుర్చీలు వేసుకున్నారు. మర్నెల్లోనే, నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం రెన్యువల్, దాని మీద సంతకం పెట్టాల్సిన కఫీల్, అంటే నాకు పూచీ ఉన్న యజమాని, ఆ కుర్చీలోని బాబానే. చివరి నిమిషంలో చిన్నబాబా జట్టువాడు బంతితో ఆ చివరి గీత దాటేశాడు. గెలిచేసినట్టే. జనం లేచి నిలబడ్డారు. బంతికి చాలా దూరంలో, అవతలి జట్టువాడి చొక్కా వెనక నుంచి రెండు వేళ్లు గట్టిగా పట్టుకున్నాయి. ఆ వేళ్లు చిన్నబాబావి. నా చెయ్యి నన్నడక్కుండానే గుడ్డ విసిరేసింది.

తెల్లగడ్డం పరిగెత్తుకొచ్చి ఎవరు, ఏం చేశారని అడిగాడు. నోరు తెరిస్తే వచ్చింది అలవాటైన మాటే, మాఫీ మాలూమ్. కువైట్‌లో ఇరవై ఏళ్లున్న మనిషికి ఆ మాట అర్థం కాకుండా ఉంటుందా. ఆయన కోప్పడలేదు. "తెలియకపోతే గుడ్డ తీసుకో. తెలిస్తే చెప్పు," అన్నాడంతే. చూడొద్దన్నా నేను కుర్చీల వైపు చూశాను. మామా నన్నే చూస్తోంది. అయినా చిన్నబాబా నంబరు చెప్పాను. గెలుపు రద్దయింది, పది గజాలు వెనక్కి పంపారు, ఆ జట్టు ఓడిపోయింది.

తిరుగు ప్రయాణంలో హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని చిన్నబాబా నా పక్కన, పెద్దవాళ్లిద్దరూ వెనకాల. నేను మనసులో పెట్టె సర్దుకుంటున్నాను. సగం దారిలో మామా నోరు విప్పింది.

"అంత దూరం నుంచి రెండు వేళ్లు కనిపించాయి నీకు. మా అమ్మ దీపం పగిలినప్పుడు గుమ్మంలోనే ఉన్నావు. ఎవరు పగలగొట్టారు?"

"బంతి, మామా," అన్నాను.

(అదీ నా ధైర్యం. బంతిని చూడొద్దని అన్ని వారాలు నేర్పించుకుని, చివరికి బంతి మీదే పెట్టాను.) పక్కనుంచి చిన్నబాబా మెల్లగా "నేనే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మామా యల్లా, పద పద అంటూ నన్ను ఏజెంటు ఆఫీసుకి బయల్దేరదీసింది. గోదావరి అమ్మాయి అప్పటికే బ్నీద్ అల్ గార్‌లో ఒక ముసలామె దగ్గర కుదురుకుంది. అటే వెళ్లాం. మామా కారు దిగి ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లి అమ్మాయితో ఏదో మాట్లాడింది. ఎంత బతిమాలినా తిరిగి రానందట. తర్వాత ఆ అమ్మాయి నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏడాదిన్నరైందండి అన్నయ్యా. ఆ రోజే ఓ మాట చెప్పుంటే సరిపోయేది కదండీ," అంది. నవ్వుతూనే అంది. నాకు స్టీరింగు మీదనుంచి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇఖామా మీద బాబా మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. కాకపోతే ఆ ఇంట్లో మాఫీ మాలూమ్ అన్నది ఇక ఎవరినోటా చెల్లలేదు. కేకు సంగతి కూడా నా నోటే బయటపడింది. రాయచోటి అక్క వారం రోజులు నాకు చల్లారిన టీయే పోసింది.

ఇప్పుడు నేను అహ్మదిలో కంపెనీ బస్సు నడుపుతున్నాను. తెల్లగడ్డం తన దేశం వెళ్లిపోయాడు, శుక్రవారాలు కొత్తవాళ్లకి నేర్పేది నేనే. పొట్ట మీద చొక్కా చారలు కాస్త వంకర తిరిగాయి. ఫైనల్ కథ చెబితే వాళ్లు పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. దీపం సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. తప్పు చూశాక ఎంతసేపట్లో గుడ్డ వెయ్యాలని అడుగుతారు. వెంటనే అంటాను. ఏడాదిన్నర తర్వాత వేస్తే చెల్లుతుందా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో, ఈసారి నిజంగానే, మాఫీ మాలూమ్.