రెండో పిడికిలి

ఇచ్చోడలో మా వంటగదిలో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసే ముందు దేవునికని ఒక పిడికెడు తీసి అందులో వేసేవాళ్లం. ఆదివారం చర్చిలో గంప పెట్టేవారు. అందరి కుండలూ అందులో వంచితే సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు అన్నీ కలిసిపోయేవి. కరీంనగర్‌లో కూర్చుని ఇది రాస్తుంటే ఆ గంప వాసన గుర్తొస్తోంది.

నా బిడ్డకు మూడో నెలలో జ్వరం వచ్చింది. ఒక పిడికిలిని రెండు చేశాను. జ్వరం తగ్గింది. మందిచ్చింది నర్సమ్మే అయినా, తగ్గించింది నా రెండో పిడికిలే అనిపించింది. మానితే తిరగబెడుతుందేమోనని భయం. రెండు కాస్తా మూడయ్యాయి. ఇంట్లోవాళ్లకు అన్నం తగ్గకూడదని నేను రాత్రి భోజనం మానేశాను. అడిగితే ఉపవాస ప్రార్థన అనేదాన్ని.

కొన్నాళ్లకు నాకు పాలు తగ్గాయి. బిడ్డ రొమ్ము పట్టుకోవడం, వదలడం, ఏడవడం. చెంపలు లోపలికి పోయాయి. నేను ఇంకో పిడికెడు వేశాను.

ఒక సాయంత్రం మా అత్తగారు కుండ ఎత్తి చూసింది.

"ఏంది పిల్లా, గింత జల్ది ఎట్ల నిండింది?"

"మొక్కుకున్న అత్తమ్మా. బిడ్డ మంచిగుండాలె గదా."

ఆమె కుండను చేటలోకి వంచింది. కొన్ని తిరిగి కుండలో పోసి, మిగిలినవి కడిగి ఎసట్లో వేసింది.

"అత్తమ్మా, దేవుని బియ్యం!"

"పూటకొక్క పిడికెడు దేవునిది. మిగిలింది నీ లంచం. ఆయనేమన్న కచేరీల జవానా, చెయ్యి తడిపితే పని చేసిపెట్టెటందుకు?"

నాకు ఏడుపొచ్చింది. "ఏమియ్యకుంటె ఆయన మనల్నెందుకు చూస్తడు?"

ఆమె నా ఒడిలోని పసిదాన్ని చూపించింది. "ఇది నీకేమిస్తున్నదని పాలిస్తున్నవు? పక్క తడుపుతది, నిద్ర చెడగొడ్తది. ముఫత్లనే తాగుతున్నది గదా! కృప అంటే గదే బిడ్డా. ముఫత్."

ముఫత్! సంతలో కూరగాయల మీద ఊరికే వేసే కొత్తిమీర రెమ్మకు వాడే మాట. కాలేజీలో చదివిన నాకు దేవుని పక్కన ఆ మాట చిన్నతనంగా తోచింది. పాస్టరుగారు వింటే ఏమనుకుంటారని అడిగాను.

"ఏమనుకుంటడు? ఆయన గంటసేపు చెప్పేది గిదే. జర తిను ముందు."

అన్నం వార్చి, గంజిలో ఉప్పు వేసి లోటా నిండా ఇచ్చింది. వేడి అన్నం పప్పుతో తిన్నాను. ముద్దముద్దకూ భయమే. ఆ తర్వాత చాలా రోజులు బిడ్డ నుదురు తడుముతూనే ఉన్నాను. జ్వరం రాలేదు. మెల్లగా పాలు పడ్డాయి.

ఇంత చెప్పిన అత్తగారు ఆదివారం గంప దగ్గర పక్కవాళ్ల కుండల్లోకి ఓరగా చూసేది. ఆమె తీసే పిడికెడు మా అందరికన్నా పెద్దది. నేను నవ్వితే, "చెప్పుడు నోటి పని. పిడికిలి నా మాట ఇంటదా?" అనేది.

మా వారికి బదిలీ అయి మేమిక్కడికి వచ్చాం. ఆమె అక్కడే ఉండిపోయింది. ఈ రాత్రి ఆ గొంతు వినాలని ఉంది. బిడ్డకు పొద్దుటి నుంచి దగ్గు. సాయంత్రం వంటకు బియ్యం తీస్తూ ఒక పిడికెడు కుండలో వేశాను. చెయ్యి దానంతటదే మళ్లీ బియ్యంలోకి పోయింది. బిగించిన పిడికిలితో కాసేపు అలాగే నిలబడ్డాను. పక్కగదిలో బిడ్డ దగ్గింది. నా భయం పోలేదు. అయినా వేళ్లు విప్పి ఆ బియ్యాన్ని ఎసట్లోకే జారవిడిచాను.