రెండక్షరాల పేర్లు

మొన్న మా తమ్ముని కూతురు, పెద్ద జాబితాలోంచి మూడక్షరాలకు తక్కువున్న మాటలన్నీ ఏరి తీసేసే ప్రోగ్రాం రాయాలి, జర చూడత్తా అంటూ ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్క వరుసలో అయిపోయే పని. అయినా చేతులు రాలేదు. కళ్లద్దాలు కనబడటం లేదని అబద్ధమాడి తప్పించుకున్నాను.

చాలా ఏళ్ల కిందటి మాట. నేను వనపర్తిలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో కొత్తగా చేరిన రోజులవి. నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది అమరచింత నుంచి రోజూ బస్సులో వచ్చే మా సీనియర్. వరసకు ఏమీ కాకపోయినా అన్నా అని పిలిచేదాన్ని. ఆయన కూడా తన డబ్బాలోని జొన్నరొట్టె సగం తుంచి నా వైపు జరుపుతూ, నా తప్పులు నాకే దొరికేదాకా ఓపిగ్గా కూర్చునేవాడు. అంత ఓపిక మా ఇంట్లోనూ ఎవరికీ లేదు.

ఆ ఏడు గద్వాలలో మగ్గం నేసే ఆడవాళ్లకు కంటి ఆపరేషన్ల శిబిరం పెడుతున్నారని, ఊరూరా రాసుకొచ్చిన పేర్లు కంప్యూటర్లో ఎక్కించడానికి మా దగ్గరికి వచ్చాయి. అందులో మా మేనత్త పేరూ ఉంది. కంట్లో పొర కమ్మి, చీర అంచులో పోగులన్నీ ఒకటిగా కనబడుతున్నాయని ఆమె దిగులు. నీ పేరు నా చేత్తోనే ఎక్కించానని చెబితే ఎంత మురిసిందో.

పేర్ల గడుల్లో చుక్కలు, గీతలు, సగం సగం మాటలు చాలా ఉన్నాయి. మూడక్షరాలకు తక్కువున్నవన్నీ చెత్తే, తీసెయ్యమన్నాడు సీనియర్. ఇంటిపేరు వేరే గడిలో ఉంది కాబట్టి రమ, లత, ఉమ లాంటి పేర్లూ పోతాయని, మా మేనత్త జయ పేరు కూడా పోతుందని చెప్పాను.

“గవి నేను చేత్తోని మళ్ల కలుపుత చెల్లె. నువ్వు పరేషాన్ గాకు,” అన్నాడు.

ఆ వరుస రాసేశాను.

శిబిరం రోజు గద్వాలలో పేర్లు చదివే పని నాకే పడింది. మా మేనత్త బల్ల ముందుకు వచ్చి నిలబడింది. జాబితా రెండుసార్లు తిరగేశాను. ఆమె లేదు. రెండక్షరాల పేరున్న వాళ్లెవరూ లేరు. లిస్టులో లేనివాళ్లను లోపలికి పంపేది లేదన్నారు శిబిరం వాళ్లు.

మర్నాడు సెంటర్ యజమాని ఆ పేర్లెలా పోయాయని అందరి ముందూ అడిగితే, సీనియర్ తెర మీంచి చూపు తిప్పకుండానే, “గా వరుస చెల్లెనే రాసింది సార్. నాకు తెల్వదు,” అన్నాడు. రాసింది నేనే కదా, ఏమని కాదనను? ఆయన ఒక్కసారైనా నా వైపు చూస్తాడని చాలాసేపు అలాగే నిలబడ్డాను. ఆ సాయంత్రమే పని మానేశాను.

కొన్ని నెలల తర్వాత నాగర్‌కర్నూల్ దవాఖానలో మా మేనత్తకు ఒక కన్ను బాగైంది. రెండోదానికి అప్పటికే ఆలస్యమైందన్నారు. ఆమె మళ్లీ అంచు నేయలేదు. జరిగిందంతా చెబితే నెమ్మదిగా విని, “ఆయన కలిపిండో లేదో ఒక్కపారి చూడకపోతివా బిడ్డా?” అంది.

చూడలేదు. అన్నా అని పిలిచిన మనిషి పనిని వెనక నుంచి తనిఖీ చేయడం ఆ రోజుల్లో నాకు తోచనైనా లేదు.

చాలా ఏళ్లకు గద్వాల బస్టాండులో సీనియర్ ఎదురై, ఏమీ జరగనట్టే బాగున్నవా చెల్లె అని పలకరించాడు. బాగున్నానన్నాను.

ఇప్పుడు నేను ఎవరేం చెప్పినా రాసి పంపమంటాను, పంపింది రెండుసార్లు చూస్తాను. జాగ్రత్తగల మనిషినని నాకు మంచి పేరే ఉంది. సగం రొట్టె చేతికిస్తే మనిషిని పూర్తిగా నమ్మేసిన ఆ అమ్మాయి మాత్రం ఎటు పోయిందో, మళ్లీ నాకు కనబడలేదు.