పిడికెడు రాగులు

మా వీధి చివర ఒక పిండి మర ఉంది. మదనపల్లెలో ఈ మధ్య చక్కెర జబ్బు వచ్చినవాళ్లంతా రాగుల మీద పడ్డారు కాబట్టి, పొద్దున పది గంటలకు ఆ మర తిరగడం మొదలైతే చాలు, వేడెక్కిన రాగిపిండి వాసన, కొంచెం మట్టీ కొంచెం మాడిన గింజా కొంచెం గోనెసంచీ కలిసినట్టుండే వాసన, నా కిటికీ దాకా వచ్చేస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా పత్రికలో ఇతరుల మాటలు దిద్దిన నాకు ఇప్పుడు దిద్దడానికి ఏమీ లేదు. వాసన వచ్చినప్పుడల్లా కిటికీ మూసేద్దామని లేస్తాను. మూయకుండా నిలబడిపోతాను.

తంబళ్లపల్లె దాటాక బస్సు దిగి, గుట్టల మధ్య గంటసేపు నడిస్తే మా పేట వచ్చేది. నలభై ఇళ్లు, అందరూ కూలికి పోయేవాళ్లు, అందరూ తాతల కాలంలో బాప్తిస్మం పొందినవాళ్లు. అమ్మ నాకు గుర్తులేదు. నాయన మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా ఉంటూ నెలకొకసారి, చొక్కాకు మందుల వాసనతో వచ్చి, ఒక రాత్రి పడుకుని, నేను లేచేసరికి వెళ్లిపోయి ఉండేవాడు. నన్ను పెంచింది ఆయన తల్లి, మా అవ్వ, దానమ్మ. చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పీకే రోజుల్లో చేలన్నీ పచ్చి మట్టి వాసన వేసేవి. ఎండాకాలం గొర్రెల మందలు పోతే వీధంతా ఎర్రటి దుమ్ము లేచి, మధ్యాహ్నం దాకా గడపల మీదే కూర్చునేది. మట్టల ఆదివారం ఈతమట్టలు పట్టుకుని పేట చుట్టూ పాడుతూ తిరిగేవాళ్లం. క్రిస్మస్ ముందు వారమంతా ప్రతి ఇంట్లో పండగ పిండివంట నిప్పట్లు వేగుతుంటే, ఏ ఇంటి నూనె మంచిదో వాసన చూసి చెప్పేవాళ్లం. ఇంతమంది మధ్య పెరిగాను గానీ, ఆడుకుంటున్న పిల్లల్ని వాళ్ల అమ్మలు పేరు పెట్టి పిలిచే సాయంకాలం వేళ మాత్రం నేను ఇంట్లోకి వెళ్లి రోకలి పక్కన కూర్చునేదాన్ని. ఆ వేళంటే నాకు భయం.

మా పేటలో ఒక పద్ధతి ఉండేది. విసరడానికి రాగులు తీసినప్పుడల్లా ఇల్లాలు ముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. దాన్ని ప్రభువు పిడికిలి అనేవాళ్లు. ఇంట్లో సంగటికి చాలినా చాలకపోయినా ఆ పిడికెడు తగ్గకూడదు. శనివారం సాయంత్రం రూతమ్మ అనే విధవరాలు గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ కుండలు వంచుకుని, గుడి పక్కగదిలోని రేకు డ్రమ్ములో పోసేది. పని చేయలేని ముసలివాళ్లకూ, బాలింతలకూ అందులోంచే కొలిచి ఇచ్చేవాళ్లు.

ఇంకొక పద్ధతి బల్లకు సంబంధించింది. ప్రభువు బల్ల, అంటే రొట్టె ద్రాక్షరసం ఇచ్చే ఆరాధన, మాకు మూడు నెలలకొకసారే వచ్చేది. దానికి మదనపల్లె నుంచి పెద్ద పాస్టరు అయ్యగారు రావాలి. ఆయన వచ్చే ముందురోజు, ఎవరికి ఎవరితో తగువుందో వాళ్లు వాళ్ల గడప తొక్కి, తప్పయిపోయిందని చెప్పి, ఇద్దరూ ఒకే గంగాళంలో, అంటే ఒకే పెద్ద గిన్నెలో, సంగటి తినాలి. తినకపోతే మర్నాడు గుడిలో వెనక, చెప్పులు విడిచేచోట కూర్చోవాలి. రొట్టె అక్కడిదాకా రాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మిఠాయి మనిషి మా వైపు వచ్చేవాడు. వెదురు గడకు గులాబీరంగు జిగురు మిఠాయి చుట్టుకుని, పైన ఒక బొమ్మ పెట్టేవాడు. తాడు లాగితే ఆ బొమ్మ చప్పట్లు కొట్టేది. డబ్బులు లేనివాళ్లు గింజలు పోసినా తీసుకునేవాడు. మిఠాయిని పీకి, సాగదీసి, మన మణికట్టు పట్టుకుని దాని చుట్టూ గడియారంలా చుట్టి, "టైమెంతమ్మా?" అని అడిగేవాడు. నాకు ఆ తీపి కంటే, ఆయన నా చెయ్యి పట్టుకుని గడియారం చుట్టేంతసేపూ ఇంకెవరినీ చూడకపోవడం ఇష్టం. శనివారాలు నేను రూతమ్మతో కలిసి గుడి ఊడ్చేదాన్ని. ఆమె బయట చెత్త ఎత్తుతుంటే లోపల డ్రమ్ము మూత తీసి, పావడ ఒడిలోకి రెండు దోసిళ్లు పోసుకునేదాన్ని. ఆ వానాకాలమంతా అలాగే చేశాను.

బల్లకు వారం ముందు డ్రమ్ము కొలిస్తే చాలా తగ్గింది. గుడి ముందర అందరూ నిలబడ్డారు. ఆ గది తాళంచెవి రూతమ్మ కొంగుకే ఉండేది. అందరి చూపులూ ఆ కొంగు మీదికి పోయాయి. మా అవ్వ నోరు ఆగలేదు.

"ఏమే రూతూ, పిడికెడు ప్రభువుదీ, పిడికెడు నీదీనా?"

ఎవరో నవ్వారు. రూతమ్మ కొంగు ముడి విప్పి, తాళంచెవి మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రానికి పిల్లలంతా ఆ మాటను పాట చేసుకుని, ఆమె ఇంటి ముందు ఎగురుతూ పాడారు. వాళ్లలో నేనూ ఉన్నాను. పాడకపోతే అనుమానం వస్తుందనుకున్నాను.

ఆ శనివారం అవ్వ ఆమె గడప తొక్కలేదు. రూతమ్మా మా గడప తొక్కలేదు. మర్నాడు ఇద్దరూ చెప్పుల దగ్గర కూర్చున్నారు, ఒకరు ఈ వైపు, ఒకరు ఆ వైపు. మరుసటి నెల రూతమ్మ కుప్పం దగ్గర రామకుప్పం వైపు ఉన్న కూతురింటికి వెళ్లిపోయింది. అవ్వ మాత్రం ఆ తరువాతి బల్లకూ వెనకే కూర్చుంది. చలికాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. దగ్గు ఆగినప్పుడల్లా గోడవైపు తిరిగి, "బల్ల ముట్టకుండానే పోతానేమో సామీ," అనేది. ఆమె పోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగులుతాను. అంతకంటే, నా వల్ల ఆమె ఆ చెప్పుల దగ్గర నుంచే పోతుంది. జ్వరం తగ్గి, ఆమె మళ్లీ తిరగలి ముందు కూర్చున్న రోజు, మొదటి పిడికెడు కుండలో వేస్తున్న ఆమె చెయ్యి పట్టుకుని చెప్పేశాను.

అవ్వ కొట్టలేదు. మూసిన పిడికిలిని కుండలోకి విప్పింది. తరువాత, "రేపు కుప్పం పోవల్ల. తల దువ్వుకో," అంది.

అవ్వ నన్ను చీకటితోనే నడిపించి మొదటి బస్సెక్కించింది. మదనపల్లెలో దిగి నాయన ఉండే ఆసుపత్రి ముందు నుంచే నడిచాం గానీ లోపలికి పోలేదు. పుంగనూరులో మూడో బస్సు కోసం కాచుకున్నప్పుడు, అంగట్లో ఒక బన్ను కొని నా ఒళ్లో పడేసింది. నేను ముట్టుకోలేదు.

"తిను. పాపం చేసినోళ్లకు గూడా ఆకలయితాది," అంది, రోడ్డువైపే చూస్తూ.

పలమనేరు మీదుగా కుప్పం చేరి, అక్కడినుంచి ఇంకో బస్సెక్కి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. రూతమ్మ తన కూతురి చేనులో, అడవి ఏనుగులు వచ్చి తొక్కేసిన రాగి కంకులు ఏరుతోంది. మమ్మల్ని చూసి ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని లేచింది.

"దానమ్మక్కా! ఇంత దూరం యాల వస్తివక్కా, కబురు పంపితే రానా?"

అవ్వ నన్ను ముందుకు తోసింది. నేను చెప్పాల్సిందంతా మట్టిని చూస్తూ చెప్పాను. రూతమ్మ ఒళ్లోని కంకులు గట్టున పోసి, నింపాదిగా అంది:

"నాకు తెలుసులేమ్మే. రెండు తూర్లు సూసినా, నీ పావడ బరువుగా ఊగేది."

"సూసి యాల చెప్పలేదే?" అవ్వ గొంతు లేచింది. "నువ్వు నోరు మూసుకున్నందుకు గదా నేను అంత మాట అనేస్తి? నన్నెందుకు పాపంలో పడనిస్తివి?"

"నీ నోరు నేను మూయగలనా అక్కా? పెద్ద అయ్యగారే మూయలేకపాయ." రూతమ్మ నవ్వింది. తరువాత నవ్వు తగ్గించి, "నా పేరు పాతబడిపొయ్యిండాది. కొంచెం మసి అంటితే ఏం? దాని పేరు నిన్నామొన్న పెట్టిండేది. ఆడబిడ్డ. తల్లి గూడా లేదు," అంది.

గుడిసెలో సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి ఒకే గంగాళంలో పెట్టింది. మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది. ముగ్గురం తిన్నాం. అవ్వ ఏడుస్తూ తింది, తింటూనే ఊరిబిండిలో ఉప్పు చాల్లేదని కూడా చెప్పింది. వెళ్లేటప్పుడు "మనూరికి వచ్చేయ్" అని ఎంత బతిమాలినా రూతమ్మ ఒప్పుకోలేదు. "మనసులో ఏం లేదక్కా, ఒట్టు. కానీ ఆ పాట ఇంగా నా చెవుల్లో ఉండాది. ఆడికి రాలేను."

తరువాతి బల్లకు ముందు అవ్వ గుడిలో లేచి నిలబడింది. "రూతమ్మ ఒక్క గింజ గూడా తీయలేదు. నేను అన్నమాట అబద్ధం. నన్ను క్షమించండప్పా," అని చెప్పి కూర్చుంది. "అయితే తీసిందెవురమ్మా?" అని వెనకనుంచి ఒక మగమనిషి అడిగాడు. అవ్వ జవాబు చెప్పలేదు. ఆ రోజు ఆమెకు రొట్టె దొరికింది. కానీ వీధి ఊరుకోలేదు. తీసింది దానమ్మే కాబట్టే ఎవరి పేరూ చెప్పలేదని మాట పుట్టింది. వారం తిరక్కుండానే పిల్లల పాటలో పేరు మారింది. ప్రభువు పిడికిలి కుండ వంచుకోవడానికి మా ఇంటికి వచ్చే మనిషి, మా అవ్వ ముందర సంచి మూతి బిగించి పట్టుకునేది. నాకు తెలుసు. నేను లేచి ఒక్క మాట చెబితే చాలు. రూతమ్మకు చెప్పాను, దేవునికి చెప్పాను, ఇంకెందుకు అనుకున్నాను. ఇంటికొచ్చి అవ్వ మొహం చూసి రేపు చెబుదాం అనుకునేదాన్ని. హైస్కూలుకు నాయన నన్ను మదనపల్లె తీసుకెళ్లే దాకా ఆ రేపు రాలేదు. అవ్వ పోయినప్పుడు నేను పరీక్ష రాస్తున్నాను. పాతిపెట్టిన మూడోరోజు చేరాను.

పోయిన ఏడు చలికాలంలో ఒక ఆదివారం ఆ పేటకు వెళ్లాను. ఇప్పుడు ఆటో గడప దాకా పోతుంది. నలభై ఇళ్లలో సగానికి తాళాలు. టీచర్లు, నర్సులు, బెంగళూరులో కంపెనీ ఉద్యోగాలు. అందరూ బాగుపడ్డారు, సంతోషమే. పాత గుడి లేదు, టైల్స్ గుడి ఉంది. రాగులు విసిరే ఇల్లు ఒక్కటీ లేదు. కానుకకు గోడ మీద ఫోన్‌తో స్కాన్ చేసే కాగితం అంటించారు. తగువులవాళ్లు ఒకరి గడప ఒకరు తొక్కే శనివారం ఒకటుండేదని అక్కడున్న ముప్పై మందిలో ఎవరికీ తెలియదు.

ఆరాధనలో ఎవరైనా లేచి తమ అనుభవం చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచాను. ఎందరి మాటలో దిద్దినదాన్ని, మూడు వాక్యాల కంటే రాలేదు. "ఈ ఊళ్లో దానమ్మ అనే ఆమెకూ, రూతమ్మ అనే ఆమెకూ నా వల్ల చెడ్డపేరు వచ్చింది. తప్పు వాళ్లది కాదు, నాది. నన్ను క్షమించండి." మొహాల్లో దయ ఉంది, గుర్తు లేదు. ఆ పాట ఎరిగిన మనిషి ఒక్కరూ లేరు. ఎవరి ముందు చెప్పాల్సి ఉండిందో వాళ్లందరూ వెళ్లిపోయాక చెప్పాను.

అయ్యగారు పాతికేళ్ల కుర్రవాడు. నేను కూర్చోకుండా నిలబడిపోవడం చూసి గబగబా దిగి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. పాపం, వాళ్లిద్దరూ ఎప్పుడో పోయారని అతనికి అర్థం కాలేదు. "ప్రభువా, ఈ అమ్మను ఓదార్చు. దానమ్మ అమ్మగారూ, రూతమ్మ అమ్మగారూ ఈ పొద్దు యాడ ఉన్నా వాళ్ల ఆరోగ్యాలు కాపాడు, ఈ ముగ్గురినీ మళ్లీ ఒక చోట చేర్చు తండ్రీ," అన్నాడు.

దిద్దబోయి నోరు తెరిచాను. ముప్పై మందీ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.