జంగయ్య తాత వేసిన రాయి

మా తాత జంగయ్య ముప్పై ఏళ్లు బోరు బండి మీద పనిచేశాడు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఏ చేనులో ఎన్ని ఫీట్లకు నీళ్లు పడ్డాయో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. నాకు పదో తరగతి లెక్కలు మాత్రం నేర్పలేకపోయాడు. నేను తప్పింది అందుకేనని ఊరంతా చెప్పి తిరిగాను.

బోరు ఎండిందో లేదో చూడాలంటే తాతనే పిలుస్తారు. గొట్టంలో చిన్న రాయి వేసి, చెవి ఆనించి వింటాడు. నీళ్లుంటే బుడుంగుమంటుంది. ఎండితే టక్కుమంటుంది.

మొన్న ఎండాకాలం కనకమామిడిలో సత్తమ్మ బోరు ఆగిపోయింది. ఆమె మోటారు పైకి తీయించి తాతను పిలిచింది.

"జంగన్నా, పోయింది మోటరా, నీళ్లా? జర చూసి చెప్పు."

తాత రాయి వేశాడు. బుడుంగుమని పక్కనున్న నాకు స్పష్టంగా వినిపించింది.

"లేవు సత్తమ్మా. ఎండింది" అన్నాడు తాత.

ఆయన చెవులు మందగించాయని నాకు ముందే తెలుసు. వెనక నిలబడి ఆయన మీదే పాటలు కట్టి పాడేదాన్ని కూడా. ఆ రోజు మాత్రం పదిమందిలో తాత పరువు పోతుందని నోరు మూసుకున్నాను.

నాలుగో రోజు, సత్తమ్మ పంట మీద ఆశ వదులుకుని టమాట తోటలోకి మేకలను తోలిందని తెలిసింది. నాకు అన్నం సహించలేదు. తాత చెవి దగ్గరికి వెళ్లి గట్టిగా మొదలుపెట్టాను.

"తాతా, సముద్రంల ఓడల మోతకు డాల్ఫిన్ల చెవులు పాడైతయంట. ఫోన్ల చూసిన. అవి చప్పుడు ఇనుకుంటనే చేపల్ని పడ్తయి. చెవులు పోతే ఉపాసమే."

"గవి ఎవలికన్న చెప్పుకుంటయా?"

"యాడ చెప్పుకుంటయి? అవి గూడ నీ లెక్కనే."

తాత నవ్వలేదు. "ఆ దినం నువ్వు ఇన్నవా?"

"ఇన్న. నీళ్లున్నయి."

తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "కంప్రెషర్ మోత పక్కకే బతుకంత నిలవడ్డ. చెవులు పొయ్యి ఐదేండ్లాయె. చెప్తే ఇగ నన్నెవలు పిలుస్తరే? నేల జూసి, ఎండ జూసి అందాజకు చెప్తున్న."

మర్నాడు ఇద్దరం షేర్ ఆటోలో కనకమామిడి వెళ్లాం. సత్తమ్మ చేనులోనే ఉంది.

"సత్తమ్మా, నీళ్లున్నయి. నాకే ఇనవడలే. తప్పు నాది" అన్నాడు తాత.

ఆమె తోటకేసి చూసింది. "గీ మాట గా దినమే చెప్తే నీదేం పోతుండెనన్నా? సిగ్గా? నీ సిగ్గుకు నా తోట పాయె." నా వైపు తిరిగింది. "నువ్వు ఆడనే ఉంటివి గదనే పిల్లా. నీకన్న ఇనవడలేదా?"

నేను నోరు తెరిచేలోపే తాత అందుకున్నాడు. "అది దూరం ఉండె. దానికేం ఎర్క?"

నేను కాదనలేదు. మేకలు కొరికి వదిలిన మొక్కలను చూస్తూ తల దించుకుని నిలబడ్డాను.