వదిన చూపుడువేలు

మా వదినకి మూడు చేతులు. రెండు అందరికీ ఉన్నవే, మూడోది నోరు. గుండుసూదులు పెదవుల మధ్య ఇరికించుకుంటుంది. దారం పళ్లతో కొరుకుతుంది. కొరికిన కొసని నాలుక మీద తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నులిమి, సూదిలోకి ఎక్కిస్తుంది. ఎదురుగా కత్తెర ఉన్నా సరే, దాని జోలికి పోదు.

నేను ఆమె ఆడపడుచుని. ఆమె కుట్టుదుకాణంలోనే ఎదురుగా కూర్చుని కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను, అంచులు మడిచి చేత్తో కుట్టేస్తాను. కత్తిరించేదీ మిషను తొక్కేదీ ఆమె. నోట్లో సూదులున్నంతసేపూ వదినకి మాట్లాడే వీలుండదు కాబట్టి, నేను ఏం చెప్పాలన్నా అప్పుడే చెప్పేసేదాన్ని. మిగతా రోజంతా వంతు ఆమెదే.

ఆమె కింది పెదవి అంచున అప్పుడప్పుడూ పొక్కులు లేచేవి. పని మీదపడి నిద్ర చాలకపోయినా, జ్వరం తగిలినా, ఎండలో తిరిగొచ్చినా ముందు అక్కడ చిమచిమలాడేది. మర్నాటికి చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా వచ్చేవి. తర్వాత చిట్లి, పక్కు కట్టి, ఊడిపోయేవి. ఏమైంది వదినా అంటే "వేడి చేసింది" అనేది. ఆమెకి ఏం వచ్చినా వేడే. మోకాలు నొప్పి పుట్టినా వేడే, మా అన్న మీద కోపమొచ్చినా వేడే. ఓసారి డాక్టరుకి చూపించమని చెప్పి చెప్పి నా నోరే నొప్పి పుట్టింది గానీ, ఆమె చెవిన పెడితేనా.

అలాంటి రోజుల్లో వదిన కూతురికి, అంటే మా మేనకోడలికి, పాప పుట్టింది. దుకాణం పైనే ఇల్లు. పిల్లనెత్తుకుని మేనకోడలు కొన్నాళ్లుండడానికి వచ్చి పైగదిలో దిగింది. ఇక వదిన కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఒక చొక్కా చెయ్యి అతికించడం, మెట్లెక్కడం. కాలరు తిప్పడం, మళ్లీ మెట్లెక్కడం. రాత్రుళ్లు పాపతో జాగారం, పగలు పని. పెదవి మీద యథాప్రకారం పొక్కులు లేచాయి. పాపని ముద్దు పెట్టుకోబోతే నేనే గదమాయించాను. పొక్కు ప్రమాదమని తెలిసి కాదు, చూడ్డానికి బాగోలేదని. ఆమె నా మీద అలిగి, ముద్దు మానేసింది. కానీ మేనకోడలు స్నానానికి వెళ్లినప్పుడు పాప గుక్కపెడితే, చేతులు కడుక్కొచ్చి వేలికొస పాప నోట్లో పెట్టేది. పాప చప్పరిస్తూ ఊరుకునేది. "చూశావా, నా వేలు తగిలితే చాలు, మంత్రం వేసినట్టు ఆగిపోద్ది" అని మురిసిపోయేది.

కొద్దిరోజులకి ఆ కుడిచేతి చూపుడువేలే సలపడం మొదలెట్టింది. గోరు పక్కన ఎర్రగా వాచింది. సూది గుచ్చుకుని ఉంటుందనుకుంది. మా పనిలో వేలికి సూది గుచ్చుకోని రోజుండదు. వేలు వాచిందంటే గోరుచుట్టు, గోరుచుట్టంటే లోపల చీము, చీమంటే పొడిచి తీసెయ్యడం. కుట్టుపని చేసే ఎవరినడిగినా ఇదే చెప్తారు. వదిన ఓ సూదిని మంట మీద కాల్చి, పళ్లు బిగబట్టి తనే పొడుచుకుంది. చీము చుక్క రాలేదు. పల్చటి నీళ్లొచ్చాయి. తెల్లారేసరికి పొక్కులు పక్కకి పాకి, వేలు వంకాయలా ఉబ్బింది. అప్పుడుగానీ మా మాట వినలేదు. అన్నా నేనూ చెరోవైపు నడిచి, చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

డాక్టరమ్మ వేలు చూసి, ముందు అడిగిన మాట ఇది. "దీన్నెవరు పొడిచారు?"

"నేనేనండి. చీము తీసేద్దామని."

"వచ్చిందా?"

"లేదండి. నీళ్లొచ్చాయి."

"రాదు. ఇది గోరుచుట్టు కాదు. పొడిస్తే తగ్గదు సరికదా, ఇంకా ముదురుతుంది. మీకు పెదవి మీద పొక్కులొస్తుంటాయా?"

"అది వేడికండి" అంది వదిన.

"ఏం పని చేస్తారు మీరు?"

వదిన నోరు తెరిచేలోపే నేనందుకున్నాను. దారం తడపడం, కొరకడం, సూదులు నమలడం అన్నీ ఏకరువు పెట్టాను. ఇన్నేళ్లకి నా మాట వినే మనిషి దొరికిందన్న ఉత్సాహం నాది. వదిన నన్ను కొరకొర చూసింది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. పెదవి మీదది వేడి కాదనీ, హెర్పీస్ అనే వైరస్ అనీ చెప్పింది. ఒకసారి ఒంట్లోకొస్తే నరాల మొదట్లో పడుకుని ఉంటుందట. మనిషి అలిసినప్పుడూ, జ్వరమొచ్చినప్పుడూ, ఎండ తగిలినప్పుడూ లేచి పెదవి దాకా వస్తుందట. పూర్తిగా తరిమెయ్యడానికి మందు లేదు, లేచినప్పుడు అణచడానికి ఉంది. "పొక్కున్నప్పుడు మీ ఉమ్మిలోనూ అది ఉంటుంది. అదే ఉమ్మితో దారం తడిపి, సూది గాట్లున్న వేలితో నులుముతున్నారు. వేలిలోకి దారి మీరే చూపించారు."

హెర్పీస్ అన్న మాట వినగానే మా అన్న మొహం మాడిపోయింది. ఆ మాట ఆయన గోడల మీద, రహస్యవ్యాధులు నయం చేస్తామని అంటించే కాగితాల్లోనే చూశాడు. వదిన వైపు ఓసారి, నేల వైపు ఓసారి చూశాడు. డాక్టరమ్మ కనిపెట్టేసింది.

"ఏమండీ, మీరేం ఆలోచిస్తున్నారో నాకు తెలుసు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఎక్కువగా మూతి దగ్గర, రెండోది ఎక్కువగా నడుం కింద. అటుది ఇటూ, ఇటుది అటూ రావచ్చు. రెండూ జబ్బులే, ఏదీ తప్పు కాదు. మూతి దగ్గరిది చాలామందికి చిన్నప్పుడే, పెద్దవాళ్ల ముద్దుల్తో అంటుకుంటుంది. మీకూ ఉండే ఉంటుంది."

మా అన్న తలూపాడు. ఆ రోజంతా అలా ఊపుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ మాత్రలు రాస్తూ, తల ఎత్తకుండానే "ఇంట్లో చంటిపిల్లలెవరూ లేరుగా?" అంది.

నేను వదిన మొహం చూశాను. అంతవరకూ నా మీద కోపంతో ఎర్రగా ఉన్న మొహం పాలిపోయింది. పాపకి ఇంకా నెల నిండలేదు. ఈ వేలే పాప నోట్లో పెట్టానని వదిన చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. నెలలోపు పిల్లలకి ఇది సోకితే చాలా ప్రమాదమనీ, మెదడుకీ కాలేయానికీ పాకవచ్చనీ, ఇంటికి కూడా వెళ్లకుండా అట్నుంచటే పాపని పిల్లల డాక్టరుకి చూపించమనీ చెప్పింది. పాప పాలు తాగకపోయినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, జ్వరమొచ్చినా, ఒంటి మీద ఒక్క పొక్కు కనబడినా ఒక్క క్షణం ఆగొద్దంది.

మేనకోడలికి ఫోను చేస్తే పాపని గుండెకి హత్తుకుని వచ్చేసింది. పిల్లల డాక్టరు నిద్రచాలని కళ్లతో ఉన్న కుర్రాడు, చెయ్యి మాత్రం మెత్తన. పాపని ఒంటిమీద బట్ట లేకుండా తిప్పి తిప్పి చూశాడు. నోట్లో, కళ్ల దగ్గర దూదిపుల్లతో తుడిచి పరీక్షకి పంపాడు. రక్తం తీశాడు. "పిల్ల హుషారుగా ఉంది. పాలు తాగుతోంది. జ్వరం లేదు. కంగారు పడకండి, కానీ కనిపెట్టి ఉండండి. ఫలితాలు రానివ్వండి" అన్నాడు.

ఇంటికొచ్చాక మేనకోడలు మెట్ల మీద ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది. "అమ్మా, నువ్వు పైకి రాకు."

అంతే. వదిన సరే అంది. వేలికి కట్టు కట్టుకుని, దుకాణంలోనే చాప వేసుకుంది.

ఆ రెండ్రోజులూ ఆమెని చూడలేకపోయాను. ఎడంచేత్తో కత్తెర పట్టడం రాదు, కుడిచేత్తో ముట్టుకోడానికి లేదు. మెట్ల కింద నిలబడి, పైన పాప ఏడిస్తే "ఏడుస్తోందే అమ్మాయ్. గట్టిగానే ఏడుస్తోంది కదా?" అని అడిగేది. గట్టిగానే ఉంది వదినా అంటే ఊపిరి పీల్చుకునేది. పిల్ల ఏడిస్తే సంతోషించే అమ్మమ్మని నేను ఎక్కడా చూడలేదు. ఓ మధ్యాహ్నం పైన ఉలుకూ పలుకూ లేదు. వదిన "నువ్వెళ్లి చూడవే" అని నన్ను తోసింది. మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలీదు. పాప పీకలదాకా తాగి, మూతి పక్కనించి పాలు కారుతుంటే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అరికాలు గీరితే మొహం చిట్లించి, కాలు లాక్కుని, నా మీద అరిచింది. అంత మంచి తిట్టు నేనెప్పుడూ తినలేదు.

ఫలితాలొచ్చిన రోజు అందరం వెళ్లాం. వదిన మాస్కు పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. డాక్టరు కాగితాలు చూసి, "ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. ఇంకొన్నాళ్లు కనిపెట్టి చూద్దాం గానీ, నాకైతే భయం లేదు" అన్నాడు. వదిన గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చుంది. అక్కడ చెప్పులు విప్పే చోటని కూడా చూసుకోలేదు. అన్న ఆమె పక్కనే కూలబడ్డాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి.

డాక్టరు మేనకోడల్ని అడిగాడు. "మీకెప్పుడైనా పెదవి మీద ఇలాంటి పొక్కులొచ్చాయా?"

"చిన్నప్పటి నుంచీ. పరీక్షలప్పుడల్లా."

"అదే అనుకున్నా. దాన్ని ఎదుర్కునే శక్తి మీ ఒంట్లో ఎప్పుడో తయారైంది. కడుపులో ఉన్నప్పుడు కొంత పిల్లకీ చేరింది. పెద్ద గోడేం కాదు, దడి లాంటిది. దడి ఉంది కదా అని ఏమరుపాటుగా ఉండకూడదు. అంతకుముందు ఈ వైరస్ అసలు లేని తల్లికి గర్భం చివర్లో మొదటిసారి వచ్చుంటే సంగతి వేరే."

వదిన కిందనుంచే అడిగింది. "దీనికి ఎలా వచ్చిందండి చిన్నప్పుడు?"

"ఎవరో ముద్దు పెట్టుకుని ఉంటారమ్మా. తల్లో, తండ్రో, మేనత్తో."

అందరూ నా వైపు తిరిగారు. "నా పెదవి మీద జన్మలో పొక్కు లేవలేదు" అన్నాను అంతెత్తున లేచి. పొక్కు లేవక్కర్లేదనీ, ఏమీ కనబడకుండానే మోసేవాళ్లు, అంటించేవాళ్లు బోలెడంతమంది ఉంటారనీ డాక్టరు చెప్పాడు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చడం ఇక ఎవరి తరమూ కాదు. అలా మా ఇంట్లో అందరం ముద్దాయిలమే అయ్యాం, కాబట్టి ఎవరూ కాకుండా పోయాం. మేనకోడలు నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైనట్టనిపించింది.

వేలు మెల్లగా మానింది. పక్కు ఊడి, కింద లేతచర్మం వచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టు వదిన ఇప్పుడు మాత్రలు దగ్గరుంచుకుంటుంది. పెదవి చిమచిమలాడగానే వేసుకుంటుంది, పొక్కు పూర్తిగా లేవక ముందే చల్లబడిపోతుంది. పొక్కున్నన్నాళ్లూ తన గ్లాసు తనది, తన తువ్వాలు తనది. పొక్కుని ముట్టుకుంటే వెంటనే చేతులు కడుక్కుంటుంది, ఆ చేత్తో కళ్లు నలుపుకోదు. బయటికెళ్తే గొడుగు. ఇంత చేసినా ఏడాదిలో ఒకటి రెండుసార్లు వస్తూనే ఉంటుంది. వస్తే వచ్చింది, పోతుంది, అంటుంది. వేడి అన్న మాట మాత్రం మా ఇంట్లో వంటింటికే పరిమితమైంది.

నోటి అలవాటు మానడమే కష్టమైంది. గుండుసూదులకి మణికట్టు మీద దూదిదిండు కట్టించాను. దారం ఎక్కించడానికి సన్నటి తీగ ఒకటి కొన్నాను. మొదట్లో దాన్ని చూసి "దీంతో ఎక్కించేలోపు చొక్కా పాతబడుద్ది" అని సణిగేది. కత్తెర మెడలో తాడుకి వేలాడేసుకుని కూడా దారాన్ని పళ్ల దాకా తీసుకెళ్లి, నా చూపు తగిలి ఆగిపోయేది. నోరు ఖాళీ అయింది కాబట్టి ఇప్పుడు రోజంతా మాట్లాడుతుంది. నష్టం మొత్తం నాకే.

కానీ పైకి మాత్రం వెళ్లలేదు. వేలు మానిందని డాక్టరమ్మ చెప్పినా, పాప గండం గడిచిందని ఆ కుర్రడాక్టరు చెప్పినా, మెట్ల దగ్గరే ఆగి చూసి వచ్చేసేది. రమ్మని మేనకోడలు అనలేదు, వస్తానని ఈమె అడగలేదు. ఇద్దరూ ఒకరికొకరు భయపడుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. మధ్యలో దూరితే ఇద్దరి చేతా తిట్లు తినాలి, ఊరుకున్నాను.

ఒకరోజు వదిన మిషను మీద ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మేనకోడలు మూతికి మాస్కు కట్టుకుని, పాపనెత్తుకుని దిగింది. కళ్లు నిద్రలేక లోతుకి పోయాయి. వదిన మిషను ఆపేసి లేచి, వెనక్కి జరిగింది.

మేనకోడలు మాస్కు కాస్త కిందికి లాగి చూపించింది. కింది పెదవి అంచున పొక్కులు గుత్తిగా లేచి ఉన్నాయి.

"పొద్దున్నే లేచింది. డాక్టరుకి ఫోన్ చేశా. మాస్కు పెట్టుకుని పాలివ్వచ్చంట, చేతులు కడుక్కుని. ముద్దులు మాత్రం వద్దన్నారు. పక్కలో వేసుకుని మర్చిపోయి ముద్దు పెట్టేస్తానేమోనని భయంగా ఉందమ్మా." పాపని చాచిన చేతులతో ముందుకి పట్టుకుంది. "నాది తగ్గేదాకా నువ్వే ఎత్తుకో. నీకైతే ఇదెలా చూసుకోవాలో తెలుసు."

వదిన వెళ్లి మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంది, తుడుచుకుంది, మళ్లీ కడుక్కుంది. నాకేసి చూసి కింది పెదవి ముందుకి చాపింది. ఏమీ లేదని నేను చెప్పాక కూతురి చేతుల్లోంచి పాపని తీసుకుంది. పాప ఆ చూపుడువేలిని గుప్పిట్లో పట్టేసుకుంది. వదిన దాన్ని విడిపించుకోకుండా, మొహం పక్కకి తిప్పి ఏడ్చింది.