చెత్తగుంటలో ఉగ్గుగిన్నె

పాత గ్రీకు ఊరొకటి తవ్వితే బయటపడిన ఇంటి సామాన్ల ఫొటోలకు వివరాలు రాయడం సింగపూర్లో నా ఉద్యోగం. కుండమూతలు, మగ్గానికి వేలాడదీసే మట్టి బరువులు, చేపల గాలాలు. మా ప్రొఫెసర్‌కి పగిలిన పెంకు కనిపిస్తే పండగ. ఆ రోజు మాత్రం పగలని గిన్నె ఒకటి ఆయనకు తలనొప్పి తెచ్చింది.

అరచేతిలో ఇమిడే మట్టిగిన్నె, పక్కన సన్నని ముక్కు. దీపంలో నూనె పోసేదని తవ్వినవాళ్ళు రాసిపెట్టారు. ఇంటి వెనక చెత్తగుంటలో దొరికింది. గుంటలో తక్కినవన్నీ ముక్కలే. శుభ్రంగా ఉన్నదాన్ని ఎందుకు పారేశారో అంతుపట్టడం లేదన్నారు ప్రొఫెసర్.

చూడగానే పోల్చుకున్నాను. అది ఉగ్గుగిన్నె.

మాది వెండిది. నేనూ తమ్ముడూ దాంతోనే తాగాం. నా కాన్పుకి అమ్మ దాన్ని ఇక్కడ బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాటుకి తెచ్చింది. పాపకి మూడో నెలలో ఒక పొద్దున, కాళ్ళమీద పడుకోబెట్టుకుని అమ్మ పాలు పోస్తుంటే పొలమారింది. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయన్నారు. మర్నాడు గిన్నెను వంటగది గోడలోంచి కిందిదాకా దిగే చెత్తగొట్టంలో పడేశాను. పదకొండు అంతస్తులూ తగులుకుంటూ దిగిన చప్పుడు విన్నాను. అమ్మను మాత్రం ఒక్క మాట అనలేదు. అది మంచితనమేం కాదు. నోరు తెరిస్తే ఆగనని భయం.

ఇప్పుడు తమ్ముడికి కొడుకు పుట్టాడు. వాళ్ళింట్లో ఉన్న అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా గిన్నె అడుగుతోంది. ఇంటి గిన్నె, దానిదేం తప్పంటుంది. వెతుకుతున్నానంటున్నాను. పారేశానంటే ఎందుకో ఆమెకు తెలిసిపోతుంది.

ఇది బిడ్డలకు పాలు పోసేదని ప్రొఫెసర్‌తో చెప్పాను. బిడ్డ పోయుంటుంది, అందుకే పారేసి ఉంటారని కూడా అన్నాను. మొదటిది రాసుకున్నారు. రెండోదానికి ఆధారం లేదని, ఎందుకు పారేశారన్న గడి ఖాళీగా వదిలేశారు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. నేనింకా ఉన్నాను కదా అనిపించింది.

సాయంత్రం రైలు దిగి స్టేషన్లోనే నిలబడి ఫోన్ చేశాను.

"గిన్నె లేదమ్మా. పాప పోయిన మర్నాడే పారేశాను."

"నా మీద కోపంతోనా?" అంది.

కాదనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

"సరేలేమ్మా," అంది అమ్మ. "వీడికి నేను పాలు పొయ్యనులే."