చర్చి వాకిట్లో విడిచిన షూస్

వేము తీపు, అత్త మంచి లేవంటారు. మా అత్తయ్య మంచిదే. మొండిది, అంతే. వేసవికి షెఫీల్డ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు లండన్ చూపిస్తానంటే వద్దంది. స్కాట్లాండ్ అంటే చలంది. జర్మనీ అయితే వస్తానంది. రాజమండ్రి మిషన్ బళ్లో అత్తయ్య వాళ్లమ్మకి అక్షరాలు దిద్దించింది ఒక జర్మన్ దొరసాని. ఆవిడ పెళ్లి కూడా చేసుకోకుండా ఆ ఎండల్లోనే బతికి, అక్కడే పోయింది. ఆ దేశపు చర్చిలో ఒక్కసారి కూర్చుని, అక్కడి మనిషి ఒకరికైనా అమ్మ తరఫున వందనాలు చెప్పి రావాలని అత్తయ్య కోరిక.

నేను పనిచేసే ఆసుపత్రి వార్డులో బతిమాలి డ్యూటీల రోటా మార్పించుకుని, లండన్‌లోని వెంబ్లీ నుంచి బయలుదేరే బస్సు టూరులో ఇద్దరికీ సీట్లు తీసుకున్నాను. మా ఆయనకి సెలవు దొరకలేదు. దొరకనందుకు ఆయన బెంగపడినట్టూ కనిపించలేదు. బస్సు నిండా గుజరాతీ అంకుల్స్, ఆంటీలు. వాళ్ల మెంతికూర రొట్టెలు మా ఒళ్లోకి, మా జంతికలు వాళ్ల ఒళ్లోకి వచ్చిపోతుంటే అత్తయ్యకి భాష లేని లోటే తెలియలేదు.

జర్మనీ చేరిన రోజు పొద్దున కొలోన్‌లో పెద్ద చర్చి చూపించారు. గోపురం చివర చూడబోతే మెడ పట్టేసింది. లోపల విగ్రహాలు, కొవ్వొత్తులు, ఫోటోలకి తోసుకునే జనం. అత్తయ్య అంతా కలయజూసి, "బాగుందమ్మా. కానీ ఇది ఆర్సీయం వాళ్లది," అని బయటికి నడిచింది. క్యాథలిక్కుల్ని మావైపు అలాగే అంటారు. ప్రొటెస్టంట్లలో లూథరన్ల ఇంట పుట్టిన మనిషికి అది పక్కింటివాళ్ల పెళ్లి లాంటిది.

మధ్యాహ్నం రైన్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో ఆపారు. పిట్ట బయటికొచ్చి కూసే గడియారాల షాపు చూడమని టూర్ మేనేజర్ అరగంట ఇచ్చాడు. అత్తయ్య చూపు గడియారాల మీద లేదు, కిటికీలోంచి కనిపిస్తున్న ఒక చర్చి శిఖరం మీద ఉంది. షాపమ్మాయిని అడిగితే అది ప్రొటెస్టంట్లదని చెప్పింది. మనదేనని తీర్మానించి అత్తయ్య ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. ఇంట్లో మేడమెట్లకి మూలిగే మోకాళ్లు ఆ పూట ఏమయ్యాయో నాకు తెలియదు.

చర్చి వాకిట్లో ఒక పెద్ద పెట్టె, దాని పక్కన వరసగా నాలుగైదు జతల బూట్లు ఉన్నాయి. అత్తయ్య మొహం విప్పారింది.

"చూశావా, వీళ్లూ మనలాగే చెప్పులు బయటే విడుస్తారు."

ప్రయాణం కోసం నేను కొనిచ్చిన కొత్త షూస్ విప్పి ఆ వరసలోనే పెట్టింది. నావీ అక్కడే పెట్టి, సాక్సులతో లోపలికి వెళ్లాం. లోపల ఒక పెద్దావిడ పూలు సర్దుతోంది. ఆవిడ కాళ్లకి బూట్లున్నాయి. మరి బయటి బూట్ల వాళ్లంతా ఏమయ్యారా అని నాకు అనుమానం వచ్చింది గానీ, అత్తయ్య అప్పటికే చెంగు తలమీద కప్పుకుని ముందు బెంచీలో కళ్లు మూసుకుంది. చుట్టపక్కాలందరినీ పేరుపేరునా తలుచుకుంటేగానీ ఆవిడ ఆమెన్ అనదు. ఆ రోజు మాత్రం తొందరగానే లేచి, ఆ పెద్దావిడకి చేతులు జోడించి, "వందనాలండీ. మా అమ్మకి చదువు చెప్పింది మీవాళ్లేనండి," అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. నవ్వి, మాకు టాయిలెట్ ఎటో చూపించింది.

చెప్పాల్సింది చెప్పినట్టు లేదమ్మా అంటూ అత్తయ్య చిన్నబోయి బయటికొచ్చింది. వాకిట్లో పెట్టే లేదు, షూసూ లేవు. ఒకాయన ఆ పెట్టెని వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. పైనే మా రెండు జతలు, లేసులు ముడేసి ఉన్నాయి. నా కేకకి లోపలి పెద్దావిడ పరుగున వచ్చింది. మా సాక్సులు చూసి, పెట్టె చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేకపోయింది. లేనివాళ్లకి పంచే బట్టలు, బూట్లు అవి. మేమూ ఇచ్చామనుకున్నారు.

ఆయన క్షమాపణలు చెబుతూ షూస్ తీసిచ్చాడు. నేను గబగబా నావి తొడుక్కున్నాను. అత్తయ్య మాత్రం తనవి చేత్తో పట్టుకుని ఆ పెట్టెలోకే చూస్తూ నిలబడింది.

"మా అమ్మ తొడుక్కుని బడికెళ్లిన మొదటి గౌను ఇలాంటి పెట్టెలోదేనమ్మా. ఈ దేశం నుంచే ఓడలో వచ్చేవట. ఇచ్చిందెవరో ఏమో. నావి ఉండనీ."

నాకు ఏడుపొచ్చేసింది. ఈసారి చిన్న చిన్న మాటల్లో, సగం చేతులతో చెప్పాను. వాళ్లమ్మ, చిన్నపిల్ల, గౌను, పెట్టె, జర్మనీ. పెద్దావిడ నవ్వు ఆగిపోయింది. అత్తయ్య రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అత్తయ్య లేసుల ముడి మళ్లీ బిగించి, షూస్ పెట్టెలో పెట్టింది.

బస్సు దగ్గర టూర్ మేనేజర్ వాచీ చూసుకుంటున్నాడు. ఆంటీ షూస్ ఏవని అడిగాడు. ఆవిడ తెలుగులోనే, "వందనాలు చెప్పేశానండి," అని సాక్సులతో బస్సెక్కింది.